దొంగ వామాకు

కొత్తపల్లి, నారాయణపేట దగ్గర
24 జూన్ 1985

పెద్దమ్మకు మంగళ దండాలు.

ఇక్కడ అందరం క్షేమం అని రాయడం రివాజు. రాస్తే అబద్ధమవుతుంది కాబట్టి రాయడం లేదు. నేను బాగున్నాను, మా ఆయన పెంటయ్య బాగున్నాడు, మా అత్త నర్సమ్మ మరీ బాగుంది. బుచ్చిగాడే బాగోలేడు. ఎనిమిది నెలలు నిండాయి. పాలు తాగుతాడు, నవ్వుతాడు, దొరికిందల్లా నోట్లో పెట్టుకుంటాడు. కానీ వాన పడిందంటే చాలు, ఛాతీలో గురగుర మొదలవుతుంది. మొన్న పొద్దున దగ్గీ దగ్గీ పెదాలు నల్లబడ్డాయి. నా పై ప్రాణాలు పైనే పోయాయి.

అసలు సంగతి చెబుతాను. మా ఆయన పొట్ట మీద నాలుగు మచ్చలున్నాయి, పావలా బిళ్లంత. పసితనంలో ఇట్లాగే ఆయాసం వస్తే మా అత్త వాతలు పెట్టించిందట. "ఆ సురుకులు పెట్టించినంకనే నా కొడుకు బతికిండు. మల్లొక్కపారి వీని డొక్కలెగిరినయంటె పోచమ్మను పిలిపిస్త" అంది. పోచమ్మ అంటే పక్క వాడలో ఉండే ముసలామె. ఇనుప చువ్వ ఎర్రగా కాల్చి వాతలు పెట్టడం ఆమె పని. నా పిల్లాడి పొట్ట నా అరచేయంత కూడా లేదు పెద్దమ్మా. నేనెట్లా పట్టుకుని కూర్చుంటాను?

అందుకే అడుగుతున్నాను. నాకు చిన్నప్పుడు వానాకాలం దగ్గొస్తే నువ్వొక ఆకు పెనం మీద వెచ్చచేసి ఛాతీకి అద్దేదానివి. దళసరి ఆకు, నూగు నూగుగా ఉండేది, అంచులు రంపంలా. నలిపితే వాము వాసన. దాని పేరేమిటి? ఇక్కడ ఊరంతా అడిగాను. ఒకరు తుమ్మి తెచ్చారు, ఒకరు వావిలి తెచ్చారు, ఒక పిల్లయితే పత్తి ఆకు తెచ్చి "దీనికి గూడ నూగుంటది" అంది. మా అత్త అన్నిటినీ వాసన చూసి మేకలకు వేసింది.

మా ఊరి మొగులయ్యన్న వర్లిలో బిల్డింగు పనికి ఉన్నాడు. శ్రావణంలో ఇంటికొస్తాడట. అతని చేత రెండు కాడలు పంపు. ఆకు వచ్చేదాకా ఆగమని మా అత్తకు చెప్పుకుంటాను.

నీ మంగళ


కామాటిపుర, పదకొండో గల్లీ, బొంబాయి
3 జూలై 1985

మంగళకు పెద్దమ్మ దీవెనలు.

ఏడో తరగతి దాకా మునిసిపాలిటీ తెలుగు బడికి పంపిస్తే ఇదా నీ చేతిరాత? నాలుగో తరగతితో మానేసిన నాదే నయం. మీ పెద్దబాపుకు చదివి వినిపిస్తుంటే సగం ఊహించి చదవాల్సి వచ్చింది.

ఇక్కడ వానలే వానలు. గల్లీలో మోకాలి లోతు నీళ్లు. బీడీ ఆకు తడిసిపోయి మూడు రోజులు పని లేదు.

ఆ ఆకు పేరు వామాకు. మరాఠీవాళ్లు ఓవ్యాచె పాన్ అంటారు. పెనం మీద మెత్తబడేదాకా వెచ్చచేసి, నీ బుగ్గకు అద్దుకుని చూసి, కాలడం లేదనుకున్నాకే పిల్లాడి ఛాతీ మీద పెట్టాలి. ఏడాది నిండనివాడు, లోపలికి మాత్రం చుక్క కూడా పొయ్యకు. తేనె అసలే వద్దు. జలుబుకు, దగ్గుకు అది ఉపశమనం, అంతే. డొక్కలు ఎగరేస్తుంటే ఆకూ లేదు, చువ్వా లేదు, నేరుగా డాక్టరు దగ్గరికి పో. ఈ చాల్ బిల్డింగులో ముప్పై ఏళ్లుగా పిల్లల్ని చూస్తున్నాను, తెలిసే చెబుతున్నాను.

కాడ మాత్రం పంపలేను. దానికొక పద్ధతి ఉంది. చేత్తో ఇచ్చిన కాడ నాటుకోదు. అడగొద్దు, ఇవ్వొద్దు, పుణ్యముంటదని దీవించొద్దు. ఉన్నవాళ్లు చూడనప్పుడు తెంపుకుని పోవాలి. మన చాల్లో నాలుగు అంతస్తుల్లో ఎవరి గుమ్మంలో వామాకు ఉన్నా అది దొంగసొత్తే. నువ్వు అంత దూరాన ఉన్నావు, దొంగతనం ఎట్లా చేస్తావు? కాబట్టి ఆ మాట వదిలెయ్.

మీ అత్తను ఎదిరించకు. నీ కొడుకును కాల్చనివ్వకు. రెండూ కలిపి ఎట్లా చేస్తావో నాకు తెలియదు, కానీ చెయ్యాలి.

వజ్రమ్మ


కొత్తపల్లి
14 జూలై 1985

పెద్దమ్మా,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. చదివిన కొద్దీ అనుమానం పెరుగుతోంది. నువ్వు తడిసిన బీడీ ఆకు గురించి ఎప్పుడైనా ఉత్తరంలో రాశావా? ఏదో దాచాలనుకున్నప్పుడే నువ్వు వానల సంగతి ఎత్తుతావు.

పద్ధతి, పద్ధతి అంటున్నావు. మరి నీ కాడ ఎవరి దగ్గర దొంగిలించావు? అసలు నీ మొక్క డబ్బా ఎక్కడుండేది? మన గుమ్మం పక్కన నీళ్ల డ్రమ్ము, దాని పక్కన చెప్పులు. మొక్క నాకు గుర్తు లేదు. ఆకు మాత్రం నువ్వు కొంగు కింద పెట్టుకుని తెచ్చేదానివి, అదీ మధ్యాహ్నం పూట. డాల్డా డబ్బాలో పచ్చగా గుబురుగా ఏదో ఉండేది ఎదురింటి రత్నామౌశి గుమ్మం దగ్గర కదూ? నిజం చెప్పు.

ఇక్కడ మా అత్తకు నాకంటే ఎక్కువ ఆత్రం పట్టుకుంది. పొద్దున లేస్తూనే "నీ బొంబాయి ఆకు ఏడిదాక వచ్చింది?" అంటుంది. అది పూస్తుందా, మేకలు తింటాయా, మగవాళ్లు ముట్టుకోవచ్చా, అన్నీ కావాలి. నాకు సగం తెలియదు, తెలిసినట్టే చెబుతున్నాను. పూస్తుందా పెద్దమ్మా?

కానీ వాతల మాట మాత్రం వెనక్కి తీసుకోలేదు. పోచమ్మ బావి దగ్గర నన్ను పట్టుకుని "ఏందమ్మా, నా చెయ్యి మంచిది గాదంటున్నవట?" అని నిలదీసింది. మా ఆయనను అడిగితే "అమ్మ మాట ఎట్ల కాదంట? నేను బతికిన గదా" అంటాడు. బతికి ఉన్న మనిషిని ఎదురుగా పెట్టుకుని కాదని ఎట్లా అంటాను?

బుచ్చిగాడు ప్రస్తుతానికి బాగున్నాడు. మబ్బు పట్టినప్పుడల్లా నేను ఆకాశం వైపు చూస్తున్నాను.

మంగళ


కామాటిపుర
22 జూలై 1985

మంగళా,

నువ్వు పోలీసు ఉద్యోగం చెయ్యాల్సిన పిల్లవు. అవును, పూస్తుంది. ఎప్పుడో ఒకసారి, ఊదా రంగు.

ఆ డబ్బా రత్నాబాయిదే. నాకెప్పుడూ వామాకు మొక్క లేదు. దాని గుమ్మం మన గుమ్మానికి ఎదురు, నీకు తెలుసు. దానికీ నాకూ మాటల్లేవని కూడా తెలుసు. ఎందుకో నీకు ఎప్పుడూ చెప్పలేదు. నీకు పన్నెండేళ్లప్పుడు, నల్లా దగ్గర బిందెల వరసలో నిలబడి ఉన్నాం. ఇరవై మంది ఆడవాళ్ల ముందు అది నన్ను, "తల్లి లేని పిల్లతోని ఇంటెడు గిన్నెలు తోమిస్తున్నవ్. దాని చేతులు చూసినవా?" అంది. నేనేమన్నానో రాయను, రాసే మాటలు కావు. ఆ రోజు నుంచి తొమ్మిదేళ్లు. గ్యాలరీలో ఎదురుపడితే అది గోడ చూస్తుంది, నేను గల్లీ చూస్తాను.

కానీ నీకు దగ్గు రాకుండా ఆగదు కదా. అది మధ్యాహ్నం కునుకు తీసేటప్పుడు పోయి నాలుగు ఆకులు తెంపేదాన్ని. దానికి తెలియదు. కాడ విరవకుండా, కింది ఆకులే తీసేదాన్ని, గుర్తుపట్టకుండా. నీ పెళ్లయ్యాక కూడా గల్లీలో ఎవరి పిల్లకు దగ్గొచ్చినా అదే పని.

నీ రెండో ఉత్తరం వచ్చిన రోజే కాడ కోసం పోయాను. డబ్బా లేదు. తలుపుకు తాళం. ధారావిలో కూతురి పురిటికి పోయిందట, డబ్బా కూడా మోసుకుపోయిందట. మూడు నెలలు రాదని కింద గదివాళ్లు చెప్పారు.

గల్లీ గల్లీ తిరిగాను. తొమ్మిదో గల్లీలో ఒకరిది ఎండిపోయింది, ఇంకొకరిది వానకు కుళ్లింది. ఇక మిగిలింది ధారావి పోయి అడగడం. అది నా వల్ల కాదు బిడ్డా. నువ్వు నన్ను ఏమన్నా అను. ఆ మనిషి ముందు చెయ్యి చాచమంటే నా ప్రాణం ఒప్పుకోదు.

వజ్రమ్మ


కొత్తపల్లి
1 ఆగస్టు 1985

పెద్దమ్మా,

భయపడ్డదే వచ్చేసింది. ఆదివారం ముసురు పట్టింది. సోమవారం పొద్దున్నుంచి పిల్లాడికి ఆయాసం, డొక్కలు లోపలికి పోతున్నాయి. మా అత్త పోచమ్మకు కబురు పంపింది. నేను కబురు తిరిగొచ్చేలోపు వాణ్ని కొంగులో కట్టుకుని రోడ్డు మీదికి నడిచాను. మా ఆయన వెనకే వచ్చాడు. ఆపడానికో, తోడుకో నాకు తెలియలేదు. నారాయణపేట బస్సులో నా పక్కనే కూర్చున్నాడు.

డాక్టరు సూది వేశాడు, సీసా మందిచ్చాడు, రెండు రోజులు అక్కడే ఉంచుకున్నాడు. "ఇంకొక పూట ఆలస్యమైతే చెయ్యి దాటిపోయేది" అన్నాడు. ఇప్పుడు పాలు తాగుతున్నాడు. గురగుర మాత్రం ఇంకా ఉంది.

ఇంటికి వచ్చిన సాయంత్రం మా అత్త నెమ్మదిగా "సూది పైపైన సల్లవరుస్తది. రోగం లోపటనే ఉంది. అమావాస్య నాడు పోచమ్మతోని పెట్టిస్త" అంది. పదహారో తారీఖు అమావాస్య. నేను ఏడ్చాను, అరిచాను. ఆఖరికి కాళ్లు పట్టుకున్నాను. "బొంబాయి ఆకు వచ్చేదాక ఆగు అత్తా" అన్నాను. ఆమె "అమావాస్య లోపల వస్తె సూస్త. రాకుంటె మల్ల నన్ను అడగొద్దు" అంది. ఎందుకు ఒప్పుకుందో నాకు అర్థం కాలేదు. ఆ ఆకు ఎట్లా ఉంటుందో చూడాలన్న యావ తప్ప ఇంకేం కనిపించలేదు నాకు.

ఆకు పిల్లాడికి రోగం తగ్గించదని నాకు తెలుసు, నువ్వే రాశావు. కానీ చువ్వకూ నా కొడుక్కూ మధ్య ఇప్పుడు ఆ ఆకు తప్ప ఏమీ లేదు.

ఇంకొకటి. ఇది తొమ్మిదేళ్లు నా కడుపులో దాచుకున్నాను. నా చేతుల సంగతి రత్నామౌశి తనంతట తాను చూడలేదు. నేనే చెప్పాను. నీ మీద కోపమొచ్చి, సోడా పొడితో చేతులు పగిలాయని ఆమెకు చూపించి ఏడ్చాను. ఆమె నా కోసమే నల్లా దగ్గర నోరు చేసుకుంది. మీరిద్దరూ మాట్లాడుకోకపోవడానికి కారణం నేనే. భయంతో ఇన్నేళ్లూ నోరు విప్పలేదు. నన్ను తిట్టు, కొట్టు. కానీ ధారావి పో పెద్దమ్మా. నీకు దండం పెడతాను.

మంగళ


కామాటిపుర
9 ఆగస్టు 1985
(మొగులయ్య చేతికిచ్చిన ఉత్తరం)

మంగళా,

నీ ఉత్తరం చదివి ఒక రోజంతా పొయ్యి వెలిగించలేదు. మీ పెద్దబాపు ఇరానీ హోటల్ నుంచి బన్ను తెచ్చుకుని తిన్నాడు. నీ మీద కోపం కాదు. నువ్వు పన్నెండేళ్ల పిల్లవు, చేతులు మండితే ఎవరికో ఒకరికి చెప్పుకోవాలి. నాకు చెప్పుకోలేకపోయావు, అదే నన్ను తొలిచింది. బీడీలు చుట్టే తొందరలో ఇంటెడు పని నీ నెత్తిన వేశాను. రత్నాబాయి అన్నది నిజం. నిజం కాబట్టే అంత మంట పుట్టింది నాకు.

మర్నాడు ధారావి పోయాను. బస్సు దిగి గంట వెతికాను. తోళ్ల వాసన, బురద, అడిగిన ప్రతివాడూ ఒక్కో దిక్కు చూపించాడు. ఆఖరికి రేకుల ఇంటి ముందు ఆ డబ్బా కనిపించింది. మొక్క భలే గుబురుగా ఉంది. చుట్టూ ఎవరూ లేరు. ఒట్టేసి చెబుతున్నాను, చెయ్యి దానంతట అదే ముందుకు పోయింది.

అంతలో రత్నాబాయి బయటికి వచ్చింది. నన్ను చూసింది. "కాయ్ పాయ్‌జె?" అంది మరాఠీలో, ఏం కావాలని, నాకు తెలుగు రానట్టు, తను నన్నెప్పుడూ చూడనట్టు.

"వామాకు కాడ కావాలె రత్నా. మన మంగళ కొడుక్కు" అన్నాను.

"తొమ్మిదేండ్ల సంది తెంపుతనే ఉన్నవ్. ఇయ్యాల అడుగుతున్నవేంది?" అంది. 

"నీకు ఎర్కనా?"

"అగ బాయి! నా మొక్క నాకు ఎర్క ఉండదా? కింది ఆకులే తెంపుతవ్ నువ్వు. నీకు అందాలెనని ఆ డబ్బాను నీ దిక్కు జరిపి పెడ్తుంటి" అంది.

నాకు అక్కడే కన్నీళ్లు వచ్చేశాయి. మీ అత్త పెట్టిస్తానన్న వాతల సంగతి చెప్పాను, నువ్వు రాసిన సంగతి కూడా చెప్పాను. "పిల్ల నాకేం చెప్పలే. నేనే చూసిన" అని కొట్టిపారేసింది. ఇప్పటికీ నిన్నే కాస్తోంది చూడు.

తర్వాత లేచి, "నేను లోపటికి పోత. నువ్వు తెంపుకో, లేకుంటె నాటుకోదు" అంది.

"పోకు. నీ చేత్తోనే ఇయ్యి. దొంగతనం సాలు" అన్నాను.

నాలుగు కాడలు విరిచి, తడి గోనెలో చుట్టి నా చేతిలో పెట్టింది. పద్ధతి తప్పాం. బతికితే బతుకుతుంది, లేకపోతే ఆకులైనా పనికొస్తాయి. మొగులయ్య పదో తారీఖు బస్సెక్కుతున్నాడు. దారిలో నీళ్లు చల్లమని వందసార్లు చెప్పాను.

ఒక మాట. ఆకు వచ్చింది కదా అని డాక్టరును మరిచిపోకు. రత్నాబాయి కూడా అదే చెప్పమంది.

వజ్రమ్మ


కొత్తపల్లి
20 ఆగస్టు 1985

పెద్దమ్మా, రత్నామౌశీ,

ఇద్దరికీ కలిపి రాస్తున్నాను. ఇద్దరూ పక్కపక్కన కూర్చుని చదువుకోండి.

మొగులయ్యన్న పదమూడున వచ్చాడు. ఒక కాడ మీద తనే కూర్చున్నాడట, అది నలిగిపోయింది. మిగిలిన మూడూ మా అత్త నా చేతిలోంచి లాక్కుంది. ఎండలో పెట్టి చూసింది, నాలిక మీద పెట్టుకుని చూసింది. అంచుల మీద వేలు తిప్పింది. "ఓ, ఇదా!" అంది. ఆ తర్వాత ఎట్లా వాడాలో నన్ను ఒకటికి నాలుగుసార్లు చెప్పించుకుంది. అప్పుడు నాకొకటి తట్టింది. ఆకు నేను పెట్టకూడదు, ఆమే పెట్టాలి. "నాకు పెనం వేడి తెల్వది అత్తా, నువ్వే పెట్టు" అని పిల్లాణ్ని ఆమె ఒళ్లో పెట్టాను. కాళ్లు చాపి వాణ్ని కాళ్ల మీద పడుకోబెట్టుకుని, ఆకు వెచ్చచేసి, తన బుగ్గకు అద్దుకుని, వాడి ఛాతీకి అద్దింది. మూడు రోజులు పొలానికి కూడా పోలేదు.

అమావాస్య పొద్దున పోచమ్మ చువ్వ తీసుకుని రానే వచ్చింది. మా పొయ్యిలోనే పెట్టి కాల్చింది. నేను గోడకు ఆనుకుని నిలబడ్డాను. మా ఆయన గడపలో కూర్చున్నాడు.

"సువ్వ కాలింది. పిల్లగాన్ని ఇట్ల పట్టుండ్రి" అంది పోచమ్మ.

మా అత్త తల ఎత్తలేదు. "ఆగరాదు, నాకు తీరుత లేదు" అంది, ఆకు అద్దుతూనే.

"అమావాస్య పొద్దు పోతది గదనే నర్సమ్మా?"

"పోనీ" అంది మా అత్త.

పోచమ్మ సణుక్కుంటూ చువ్వను నీళ్ల తొట్టిలో ముంచి వెళ్లిపోయింది. నేను అక్కడే కూలబడి ఏడ్చాను. అప్పుడు మా అత్త నా వైపు చూడకుండా చెప్పింది. "పెంటయ్య కంటె ముందు ఇద్దరు పుట్టిండ్రు మంగళా. ఆ ఇద్దరికి గూడ సురుకులు పెట్టించిన. ఇద్దరు పోయిండ్రు. వీడెట్ల బతికిండో నాకు తెల్వది."

"మరి మళ్లీ ఎందుకు పెట్టిస్తానన్నావు అత్తా?" అన్నాను.

"ఏదో ఒకటి చెయ్యకుంట చేతులు కట్టుకోని ఎట్ల కూసుంట?" అంది. 

నిన్న పిల్లాణ్ని మళ్లీ నారాయణపేట తీసుకుపోయాం. ఈసారి తనూ వస్తానంది. డాక్టరు ఛాతీ పరీక్షించి, చాలావరకు తగ్గిందని చెప్పాడు. సీసా మందు చెంచాకు ఎక్కడిదాకా పొయ్యాలో మా అత్త అడిగి, వేలితో గుర్తు పెట్టుకుంది. డాక్టరు కాగితం మీద రాసుకుంటూ "ఇంట్లో ఇంతకుముందు ఎవరికైనా ఇట్లా వచ్చిందా?" అని అడిగాడు. మా ఆయన లేదనబోయాడు. మా అత్త ముందుకు జరిగి ఇద్దరు పిల్లల పేర్లూ చెప్పింది, వాళ్ల వయసులు కూడా చెప్పింది. ఆ పేర్లు మా ఆయన వినడం అదే మొదటిసారి.

మీ మంగళ